మోకాలు కుక్కదే

టైలరక్క కొట్టు గోడకి ఇరవై రెండేళ్ళుగా ఒక అట్టముక్క వేలాడుతోంది. దానిమీద నీలం సిరాతో, చదివినవాడికి ఏ ఆశా మిగలకుండా, "జిప్పులు మార్చబడవు" అని రాసి ఉంటుంది. ఆ ఇరవై రెండేళ్ళలో వీధి మురుగుకాలవ మీద మూతలు మూడుసార్లు మారాయి. ఎదురుగా ఉన్న మందుల షాపుకి నలుగురు యజమానులు మారారు. అట్ట మాత్రం మారలేదు.

జిప్పుమీద ఆవిడకి పగేమీ లేదు. పాత జిప్పు ఊడదియ్యాలంటే కుట్టు తెగాలి, గుడ్డ తెగకూడదు. కొత్తదాని పళ్ళు రెండువైపులా సరిగ్గా కలవాలి. పెద్ద కోటుకైతే ముప్పావుగంట పని. ఇంతా చేశాక ఆ కోటు తాలూకు మనిషి వచ్చి, "జిప్పే అంత ఖరీదు లేదు కదమ్మా, కుట్టడానికి అంతా?" అంటాడు. ఈ ఒక్క వాక్యం జీవితంలో మళ్ళీ వినకూడదని ఒకనాటి మధ్యాహ్నం నిశ్చయించుకుని ఆవిడ ఆ శాసనం రాసింది.

వయసు యాభైమూడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి నడుము కొలత తీసేటప్పుడు టేపు కొంచెం బిగించేది. ఊపిరి అందక ప్రశ్న అక్కడే ఆగిపోయేది. కొట్టు వెనక ఒక గది ఆవిడది. పైన రెండు గదుల్లో తమ్ముడూ మరదలూ ఉంటారు. తమ్ముడు నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తా. అబద్ధమాడే బుద్ధి లేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. లోకంలో సగం అబద్ధాలు ఇలాంటి మంచివాళ్ళ వల్లే పుడుతుంటాయి.

ఇక మిగిలింది గుండీ. అది కుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఒక చొక్కా గుండీ మింగి, మూడోనాడు పద్ధతిగా తిరిగి అప్పగించింది కాబట్టి ఆ పేరు. ఆ గుండీని కడిగి మళ్ళీ ఎవరి చొక్కాకి కుట్టారన్నది టైలరక్క ఈనాటికీ బయటపెట్టలేదు.

గుండీకి జాతి లేదు, విద్య లేదు, పుట్టి ఏడేళ్ళయినా ఒక్క ఘనకార్యమూ లేదు. మిషన్ కింద తొక్కుడుపలక పక్కన గడ్డం ఆనించి పడుకుంటుంది. మిషన్ ఆగితే తలెత్తి చూస్తుంది, మళ్ళీ నడిస్తే తల దించుతుంది. ఉద్యోగం అంతే. రెండేళ్ళ కిందట పట్టపగలు ఒక దొంగ కొట్టులోకి వచ్చి ఇస్త్రీపెట్టె ఎత్తుకుపోయాడు. గుండీ లేచి, ఒళ్ళు విరుచుకుని, తోక ఆడిస్తూ అతన్ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది. చూసినవాళ్ళు ఇద్దరున్నారు. దొంగ టైలరక్కకి చుట్టమే అనుకున్నారట.

అలాంటి కుక్కకి దెబ్బ కూడా వీరోచితంగా తగల్లేదు. గాలికి ఎగురుతున్న ఒక ప్లాస్టిక్ కవరుని తరుముతూ పై మెట్టు మీంచి గెంతింది. కవరు క్షేమంగా వెళ్ళిపోయింది. గుండీ వెనక ఎడమకాలు ఎత్తిపట్టుకుని మూడు కాళ్ళమీద కొట్టులోకి వచ్చి, ఏమీ జరగనట్టు మిషన్ కింద పడుకుంది.

జంతువుల డాక్టరమ్మ మోకాలు అటూ ఇటూ కదిపి చూసింది. రెండు వేళ్ళకి రబ్బరుబ్యాండు తగిలించి టైలరక్కకి విషయం చెప్పబోయింది. "మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ ఒకటి ఉంటుందండీ..."

"లోపలి కుట్టు ఊడింది," అంది టైలరక్క.

డాక్టరమ్మ రబ్బరుబ్యాండు పక్కన పెట్టేసింది. "అంతే."

"పైనుంచి అతుకేస్తే ఆగదు."

"ఆగదు. విప్పి లోపల సరిచెయ్యాలి. ఆరు వారాలు దాటనివ్వకండి. బరువంతా రెండో కాలిమీద పడి అదీ పోతే ఇక ఈడ్చుకుంటూ తిరగడమే."

ఖర్చు నలభై ఎనిమిది వేలు. టైలరక్క దగ్గర అచ్చంగా తనదని చెప్పుకోదగ్గది పదిహేను వేలు. ఆవిడ తిన్నగా కొట్టుకొచ్చి, స్టూలెక్కి, అట్టముక్క దించి, వెనక్కి తిప్పి, అదే నీలం సిరాతో రాసింది: "జిప్పులు మార్చబడును. వచ్చిన డబ్బు కుక్క మోకాలి ఆపరేషనుకి. బేరం లేదు."

వీధి మొత్తం వచ్చి చదివింది. జిప్పు తెచ్చినవాళ్ళకంటే సలహా తెచ్చినవాళ్ళే ఎక్కువ.

"కుక్కకి మోకాలు వేయిస్తారా టైలరక్కా! ఆ చేత్తోనే మా ఆయనకీ ఒకటి వేయించండి. తలుపు కొట్టినా లేవడు."

"ఆయన్ని తీసుకురండి. ముందు కొలతలు తియ్యాలి."

"ఆ డబ్బుతో కొత్త కుక్కలు పది వస్తాయి కదా?"

"వస్తాయి. మీ అబ్బాయి కాలు విరిగినప్పుడు ఈ లెక్క మీకెవరూ చెప్పలేదా?"

ఇలా రెండు వారాలు గడిచేసరికి పరువు పెరిగిందో తరిగిందో తెలీదుగానీ, డబ్బు మాత్రం, ఆవిడ పదిహేనుతో కలిపి, ఇరవై వేల దగ్గర మొండికేసింది. తమ్ముడు మెట్లు దిగి వచ్చి, గొంతు సవరించుకుని, ఒక ఉపాయం చెప్పాడు.

"అక్కా, ఆ అట్టమీద ఇంకో ముక్క కలుపు. ఒకసారి నిన్ను కాపాడిందని రాయి. మంటల్లోంచో, నీళ్ళలోంచో. జనం కరుగుతారు."

"నేను ఎప్పుడు మునిగానురా?"

"మునగక్కర్లేదు. రాస్తే చాలు. ఊరికే కుక్క అంటే ఎవరిస్తారు? పనికొచ్చే కుక్క అయితే..."

టైలరక్క సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది. "పనికొచ్చేవాళ్ళ మోకాళ్ళే బాగుచెయ్యాలంటే ముందు మన ఇంట్లో మెట్లు ఎవరూ దిగలేరు. వెళ్ళి పడుకో."

తమ్ముడు వెళ్ళాడు. కానీ ఊరుకోలేదు.

నీళ్ళ బిల్లుల ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఎవరింట్లోనైనా పెద్ద జబ్బు వస్తే గోధుమరంగు కవరు ఒకటి బల్లబల్లకీ తిరుగుతుంది. కవరు మీద సంగతి రాసి ఉంటుంది. దాని కింద ఎవరి పేరు వాళ్ళు, ఎంత ఇచ్చారో అంకెతో సహా, స్వహస్తాలతో రాయాలి. పై వరసలో పక్క బల్లవాడి అంకె కనిపిస్తూ ఉంటుంది కాబట్టి మనిషిలోని కరుణ ఎప్పుడూ ఒక మెట్టు పైకే నడుస్తుంది. ఆ కవరు వారం తిరిగి ఇరవై ఎనిమిది వేలతో తమ్ముడి చేతికొచ్చింది.

"ఆఫీసులో ఇచ్చారక్కా," అన్నాడు, గోడవైపు చూస్తూ. ఇచ్చింది నోట్లు మాత్రమే. కవరు ఇవ్వలేదు.

టైలరక్క ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. "కుక్కకని చెప్తే ఇంతమంది ఇచ్చారా!" అంది. ఆ రోజు ఆవిడ మనుషుల గురించి తన అభిప్రాయాలు కొన్ని సడలించుకుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, వచ్చే గురువారానికి ఆపరేషను ఖాయం చేసుకుని, గుండీకి చెవి వెనక గోకింది.

శనివారం మధ్యాహ్నం కొట్టు గుమ్మంలోకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ నీళ్ళ బిల్లుల ఆఫీసు క్యాషియరు, రెండో అమ్మాయి టైపిస్టు. చేతిలో యాపిల్ పళ్ళ సంచీ. లోపల మిషన్ రైలుబండిలా పరిగెడుతోంది. ఒక తెర అంచు కుడుతూ టైలరక్క రెండు కాళ్ళతోనూ తొక్కుతోంది.

"అయ్యో అయ్యో, లేవకండి, లేవకండి!" అంది క్యాషియరమ్మ.

"లేవట్లేదండీ. ఏం కుట్టాలి?"

"మోకాళ్ళు అంత పాడయ్యి కూడా తొక్కుతున్నారా!" అంది టైపిస్టు. "మీ తమ్ముడుగారు చెప్తే ఇంత అనుకోలేదండీ. మెట్లు ఎక్కలేరట, కూర్చుంటే లేవలేరట, లేస్తే ఎడమకాలు కింద మోపలేరట..."

మిషన్ ఆగింది. కింద గుండీ తలెత్తి చూసింది.

"ఇంకేం చెప్పాడు?"

"మూలుగుతారట. కానీ ఎవరైనా చూస్తే మానేస్తారట. అంత ఆత్మాభిమానమట."

రోగలక్షణాల్లో తమ్ముడు వెంట్రుకవాసి తప్పు చెప్పలేదు. రోగి మాత్రం బల్ల కింద ఉంది.

టైలరక్క వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "యాపిల్స్ తీసుకెళ్ళండి. సోమవారం నేనే ఆఫీసుకి వచ్చి మాట్లాడతాను," అంది.

"మీరా! అక్కడ ఇరవై నాలుగు మెట్లున్నాయండీ!" అంది టైపిస్టు, కళ్ళొత్తుకుంటూ.

"ఎక్కుతాను."

సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చేసరికి అక్క మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఒరే, నాకు మోకాళ్ళు పోయాయట. నాకే తెలీలేదు, నీకెలా తెలిసిందిరా?"

తమ్ముడు అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. "కుక్కకని ఎలా అడగమంటావక్కా? మా హెడ్ క్లర్కు ముందు ఆ కవరు పెట్టి 'కుక్క మోకాలు' అంటే, నన్నే ఆ కవర్లో పెట్టి అంటించేవాడు."

పైనుంచి మరదలు తొంగిచూసింది. "నేను చెప్తూనే ఉన్నా వదినా. మోకాలొద్దు, నడుమని చెప్పండి, నడుం నొప్పి ఎవరికీ కనపడదు అని. వింటేగా!"

"నువ్వు లోపలికి వెళ్ళమ్మా. నీ తెలివి రేపు చూసుకుందాం."

"డబ్బు మంచి పనికే పోతోందిగా అక్కా," అన్నాడు తమ్ముడు. "ఎవరి మోకాలైతే ఏముంది?"

"నేననేదీ అదే. ఎవరి మోకాలైతే ఏముంది? మరి దానిదని చెప్పడానికి నీకు నోరెందుకు రాలేదు?"

ఆవిడ కుర్చీ అతని మెట్టు దగ్గరకి జరుపుకుని అంది. "దాన్ని నా వెనకాల దాచిపెట్టి బాగుచేయిస్తే, అది సిగ్గుపడాల్సిన పనే అని నేనూ ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను. ఆ కవరిటు తే."

"గురువారం ఆపరేషనక్కా! డబ్బు తిరిగిచ్చేస్తే..."

"తెలుసు. కవరు తే."

సోమవారం పదకొండు గంటలకి, బిల్లులు కట్టే జనం వరసలో నిలబడి ఉండగా, టైలరక్క నీళ్ళ బిల్లుల ఆఫీసు మెట్లెక్కింది. చంకలో నోట్లు తిరిగి నింపిన కవరు. రెండు చేతుల్లో పద్దెనిమిది కిలోల గుండీ. ఇరవై నాలుగు మెట్లూ ఎక్కి, హాలు మధ్యలోకి వచ్చి, కుక్కని నేలమీద దించింది. అది మూడు కాళ్ళమీద నిలబడి, నాలుగోది గాల్లో పెట్టుకుని, అందరివైపూ చూసి తోక ఆడించింది. రిజిస్టరు వెనక తమ్ముడు రిజిస్టరంత పల్చగా అయిపోయాడు.

"నేను వీడి అక్కని," అంది ఆవిడ. "మీరు డబ్బిచ్చిన మోకాలు నాది కాదు. ఇదిగో, దీనిది. నా మోకాళ్ళకేమీ కాలేదు. చూసుకోండి."

ఈ మాటని ఆవిడ మాటగా వదిలెయ్యలేదు. కొంగు దోపుకుని అక్కడే గొంతుక్కూర్చుని లేచింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. ఆఫీసు అటెండరుకి ఎందుకో లెక్కపెట్టాలనిపించి "మూడు... నాలుగు..." అనడం మొదలెట్టాడు. ఐదు దగ్గర వరసలో ఉన్న జనం అందుకున్నారు. పది అయ్యేసరికి ఆఫీసంతా ఒక్క గొంతుతో "పది!" అంది. నీళ్ళ బిల్లుల చరిత్రలో ఆ హాల్లో అంత ఐకమత్యం ఎన్నడూ లేదు.

హెడ్ క్లర్కు లేచాడు. నున్నటి గుండు, ముక్కు చివర కళ్ళజోడు. "అంటే మేమిచ్చింది కుక్కకా?"

"మీరిచ్చింది నాకు. పోతోంది కుక్కకి. అందుకే తిరిగి తెచ్చాను. పేర్లూ అంకెలూ కవరు మీదే ఉన్నాయి. తీసుకోండి."

"ఏమమ్మా, మా అమ్మ మోకాళ్ళ నొప్పులని మూడేళ్ళుగా మూలుగుతోంది. మనుషులకే దిక్కులేదు, కుక్కకి ఆపరేషన్లా?"

అది వేళాకోళానికి అన్న మాట కాదని అందరికీ తెలిసింది. టైలరక్కకీ తెలిసింది. ఆవిడ గొంతు తగ్గించింది, మాట మాత్రం తగ్గించలేదు.

"మూడేళ్ళుగానా? దీనికి దెబ్బ తగిలి నెల కూడా కాలేదండీ. అంతకుముందు మీ అమ్మగారికి అడ్డంపడ్డ కుక్క ఏది?"

హెడ్ క్లర్కు కవర్లోంచి తన రెండు వేలూ తీసుకుని, అంకె కొట్టేసి, పక్కన సంతకం కూడా పెట్టాడు. "కుక్కకి చిల్లిగవ్వ ఇవ్వను. ఇది నా మాట," అన్నాడు.

"మంచిది. మొహమ్మీద చెప్పారు. మా తమ్ముడికంటే నయం."

తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. కొందరు కవర్లోంచి తీసుకున్నారు, కొందరు తీసుకుంటూ కుక్క తల నిమిరారు, నిమిరినవాళ్ళలో ఒకరిద్దరు తీసుకున్నది మళ్ళీ పెట్టేశారు. క్యాషియరమ్మ చెయ్యి కూడా చాపలేదు. "నేను మోకాలికని ఇచ్చాను. మోకాలేగా," అంది. టైపిస్టు సగం తీసుకుంది. "నేను అనవసరంగా ఏడ్చాను కూడా," అని కారణం చెప్పింది.

అందరూ అయ్యాక రిజిస్టరు వెనకనుంచి తమ్ముడు లేచి వచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. కలం తీసి, కవరు మీద తను రాసిన "అక్కకి మోకాలి ఆపరేషను" అన్న వరస కొట్టేసి, పైన పెద్ద అక్షరాలతో "కుక్కకి" అని రాశాడు. కింద తన పేరు రాసుకున్నాడు. జేబులో ఉన్నది అందులో పెట్టాడు. హెడ్ క్లర్కు చూస్తూనే ఉన్నాడు. ఎవరూ ఎవర్నీ కవర్లో పెట్టి అంటించలేదు.

టైలరక్క కుక్కని ఎత్తుకుని కిందికి దిగుతుంటే, వరసలోంచి ఒకావిడ పిలిచింది. "మీ కొట్టెక్కడమ్మా? మా ఇంట్లో జిప్పు చెడ్డ సూట్‌కేసు ఒకటుంది. పారెయ్యలేను, వాడలేను."

ఆ వాక్యంలో ఎంత ఆస్తి ఉందో అప్పటికి ఎవరికీ తెలీదు. కవర్లో మిగిలింది తొమ్మిది వేలు. గురువారం ఆపరేషను వాయిదా పడింది. ఆరు వారాల గడువుకి ఇక మిగిలినవి పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజుల్లో తేలిన సత్యం ఏమిటంటే, జిప్పు చెడిన వస్తువు లేని ఇల్లు భూమ్మీద లేదు. అటక మీంచి, మంచం కిందనుంచి, తలుపుల వెనకనుంచి సూట్‌కేసులు, బడిసంచులు, దిండు గలీబులు, చలికోట్లు, ఒక సంగీతం మాస్టారి వాయిద్యం సంచీ దిగివచ్చాయి. తెచ్చినవాళ్ళందరికీ ఆఫీసులో పది గుంజీల సంగతి తెలుసు. ఆ పది మాత్రం చెప్పే మనిషిని బట్టి ఇరవైకీ యాభైకీ పోయింది. ఒకాయన అలవాటుకొద్దీ "జిప్పే అంత ఖరీదు లేదు కదమ్మా..." అని మొదలెట్టి, బల్ల కిందకి చూసి, మిగతాది మింగేశాడు.

తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చి పాత కుట్లు విప్పేవాడు. మరదలు కొత్త జిప్పులు కొలిచి కోసేది. ఆవిడ తెలివి ఇక్కడ ఉపయోగపడింది.

పదిహేనో రోజున హెడ్ క్లర్కు వచ్చాడు. చేతిలో పాత తోలుసంచీ, నోరు తెరుచుకుని.

"కుక్కకి చిల్లిగవ్వ ఇవ్వనన్న మాటమీదే ఉన్నాను," అన్నాడు ముందుగానే. "ఇది జిప్పుకి."

"జిప్పుకే తీసుకుంటాను. బేరం లేదు."

ఆయన బేరమాడలేదు. మాట తప్పకుండా రెండు వందలు ఇచ్చి వెళ్ళాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అసాధ్యమని పెద్దలు అంటుంటారు. రెండు అడుగుల జిప్పు ఉంటే సాధ్యమే.

డబ్బు నిండింది, పదిహేడో రోజు ఆపరేషను జరిగింది. టైలరక్క ముందుగా డాక్టరమ్మ దగ్గర దారం అడిగి తీసుకుని, వెలుగులో పట్టుకుని లాగి చూసి, "ఆగుతుంది," అని అనుమతి ఇచ్చింది. గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు గుండీ డాక్టరమ్మకి తోక ఆడించింది. తలుపు మూశారు. టైలరక్క బయట బెంచీమీద కూర్చుంది. చేతిలో పని లేకుండా ఆవిడ రెండు గంటలు కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు, ఎందుకంటే గంట గడిచేసరికి ఆస్పత్రి కిటికీ తెర అంచు ఊడి ఉండడం కనిపించి, సంచీలోంచి సూది తీసి కుట్టడం మొదలెట్టింది. అంచు అయిపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మూడోసారి విప్పుతుండగా తలుపు తెరుచుకుంది. "కుట్టు బాగా పడిందండీ," అంది డాక్టరమ్మ. టైలరక్క తల ఊపింది. దారం తెంపకుండానే, సూది తెరకే వేలాడుతుండగా, లోపలికి నడిచింది.

ఎనిమిది వారాలు మెట్లు లేవు, గెంతులు లేవు. ప్లాస్టిక్ కవర్లు కంటపడకుండా తమ్ముడు కాపలా. ఎనిమిది వారాలయ్యాక డాక్టరమ్మ మోకాలు వంచి, చాపి, "ఇక దాని ఇష్టం," అంది.

ఆ సాయంత్రమే టైలరక్క స్టూలెక్కి అట్టముక్కని మళ్ళీ తిప్పింది. "జిప్పులు మార్చబడవు."

మర్నాడు హెడ్ క్లర్కు ఒక కోటు భుజాన వేసుకుని వచ్చాడు. అట్ట చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ఇదేమిటమ్మా? మొన్నటిదాకా మార్చారుగా?"

"మొన్నటిదాకా మోకాలు బాగాలేదు."

"ఒక్కటేనండీ. వచ్చే నెల మా అమ్మకి ఆపరేషను. ఆస్పత్రిలో చలిగా ఉంటుందని..." ఆయన ఆగాడు. "మీరన్నారని కాదు. ఎప్పటినుంచో అనుకుంటున్నదే."

"నేనన్నానని ఎవరన్నారు?" టైలరక్క చెయ్యి చాపి కోటు లాక్కుంది. జిప్పు కిందికీ మీదికీ నడిపి చూసింది. "జిప్పు బాగానే ఉంది. రన్నరు వదులైంది." పటకారుతో రెండువైపులా ఒక నొక్కు నొక్కి తిరిగి ఇచ్చేసింది. "మార్చలేదు. అట్ట మాట అట్టదే."

"ఎంతమ్మా?"

"నొక్కుడికి డబ్బులేమిటండీ! మీ అమ్మగారికి మెట్లెక్కడం వచ్చాక తీసుకురండి. కొలతలు తీసి మంచి కోటు కుడతాను. దానికి మాత్రం బేరం లేదు."

ఆయన బయల్దేరాడు. మిషన్ ఆగి ఉండడం చూసి గుండీ లేచింది. ఒళ్ళు విరుచుకుంది. తోక ఆడిస్తూ, నాలుగు కాళ్ళూ నేలమీద మోపి, హెడ్ క్లర్కుని వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది.